ఆగిపోయిన లినక్స్ పంపిణీ – వినియోగదారుల గతి: సెంటాస్ ఉదంతముపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

జూబిలీహిల్స్, ఫిల్మ్ నగర్ అను పేర్లు వినినంతనే తెలుగువారికి చలనచిత్ర పరిశ్రమ స్ఫురించును. మద్రాసునందు పెరిగిన ఈ పరిశ్రమ హైదరాబాదునకు తరలివచ్చి స్థిరపడుటలో, అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో ప్రారంభించిన అన్నపూర్ణ స్టూడియోస్, ఆ తరువాత డి. రామానాయుడుగారు ఫిల్మ్ నగర్ కొండపై నెలకొల్పిన స్టూడియో ముఖ్యమైన మజిలీలు. ఆ కాలమున చిత్రమనగా ఫిలిం చుట్ట. దానిని కడుగుటకు ప్రయోగశాల, అతుకుటకు కూర్పు బల్ల ఉండెడివి. నేడు చుట్ట లేదు. చిత్రీకరణము మొదలు తుదిప్రతి వరకు సమస్తమును కంప్యూటరులోనే జరుగుచున్నది. 2012లో విడుదలయిన ‘ఈగ’, 2015లో విడుదలయిన ‘బాహుబలి’ వంటి చిత్రములలో ప్రేక్షకుడు చూచిన అద్భుతములలో అధికభాగము కెమెరా ముందు జరిగినవి కావు. అవి గ్రాఫిక్స్ గదులలో లెక్కకట్టబడినవి.

దృశ్యచమత్కృతి రంగమున ప్రపంచమంతటను పెద్ద సంస్థలు వాడు కంప్యూటర్లకు మూలాధారము చాలవరకు ‘లినక్స్’ అను నిర్వహణ వ్యవస్థ. దాని పంపిణీలలో ‘సెంటాస్’ అనునది ఈ రంగమున చిరకాలము ప్రధానముగా నుండి, 2020–2024 సంవత్సరముల నడుమ ముగిసిపోయినది. ఒక పంపిణీ ఆగిపోయినచో దానిని నమ్ముకొన్నవారి గతి యేమి? వారి పని నిలుచునా? దాచుకొన్నది పోవునా? వేరొక ఆశ్రయము లభించునా? ఈ ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసముయొక్క ప్రయోజనము.

ప్రాచ్యవిద్యా కళాశాలల అధ్యాపకులకు ఈ విషయముతో నేమి పని యని కొందరికి తోచవచ్చును. తాళపత్రములను ఛాయాచిత్రములుగా తీసి కంప్యూటరులో భద్రపరచుట, పరిష్కరించిన పాఠములను టైపు చేయించుట నేడు మన కళాశాలలలోను సాగుచున్నవి. చలనచిత్ర సంస్థలకు వచ్చిన సమస్య రేపు గ్రంథాలయమునకు రాదని చెప్పజాలము. కావున ఇది అన్యుల గోడు మాత్రమే కాదు.

పంపిణీ యనగా నేమి?

లినక్స్ అను మాటకు లోకవ్యవహారమున రెండర్థములు కలవు. ముఖ్యార్థమున అది ‘కెర్నెల్’, అనగా యంత్రమునకును దానిపై నడచు కార్యక్రమములకును నడుమ నుండి రెండింటిని సమన్వయపరచు కేంద్రభాగము. దీనిని 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించెను. అయితే కెర్నెల్ ఒక్కటియే చేతనున్నచో వినియోగదారుడు అక్షరము కూడ వ్రాయజాలడు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రణాళికలోని ఉపకరణములు, తెరపై కిటికీలను చూపు భాగములు, అక్షరరూపములు, ముద్రణ సాధనములు మొదలగునవి వేలకొలదిగా వేర్వేరు చోట్ల వేర్వేరు బృందములచే రచింపబడుచున్నవి. వీనినన్నిటిని చేర్చి, ఒకదానితో నొకటి పొసగునట్లు పరీక్షించి, సులభముగా స్థాపించుకొనునట్లు కూర్చి, కాలక్రమమున బయటపడు దోషములను సవరించుచు ప్రజలకు అందించు సమాహారమే ‘పంపిణీ’. 1993లో మొదలయిన స్లాక్‌వేర్, డెబియన్ నేటికిని జీవించియున్న ప్రాచీన పంపిణీలు.

దీనినిబట్టి ఒక ముఖ్యవిషయము తేలుచున్నది. పంపిణీని నడుపువారు అందలి కార్యక్రమములలో అత్యధికభాగమునకు కర్తలు కారు. వారు సంకలనకర్తలు, పరిష్కర్తలు. కావున పంపిణీ ఆగిపోవుట యనగా లినక్స్ ఆగిపోవుట కాదు. మూలరచనలు యథాతథముగా సాగుచునే యుండును. ఆగునది ఆ సంకలనము, ఆ పరిష్కరణము మాత్రమే. ఈ భేదమును గుర్తింపనందుననే అనేకులు అకారణముగా భయపడుచున్నారు. మరికొందరు దీనినే సాకుగా గొని అకారణముగా నిశ్చింతగా నున్నారు.

శాఖాదృష్టాంతము

ఈ పత్రిక చదువరులకు ఈ సంబంధము వేదశాఖల దృష్టాంతముచే సుగమమగును. పతంజలి మహాభాష్యమున ఋగ్వేదమునకు 21, యజుర్వేదమునకు 101, సామవేదమునకు 1000, అథర్వవేదమునకు 9 శాఖలు చెప్పబడినవి. వానిలో నేడు అధ్యయనమునందున్నవి వ్రేళ్ళపై లెక్కింపదగినవి. శాఖలు అనేకములు లుప్తములైనను వేదము లుప్తము కాలేదు. అయినను ఒక శాఖ లోపించినప్పుడు దానికే ప్రత్యేకమైన పాఠక్రమము, స్వరభేదము, ప్రయోగవిశేషము దానితోడనే పోయినవి. ఆ శాఖనే నమ్మియున్న కుటుంబములు వేరొక శాఖను ఆశ్రయింపవలసివచ్చెను.

పూర్వమీమాంసయందు ద్వితీయాధ్యాయపు చతుర్థపాదమున శాఖాంతరాధికరణము కలదు. భిన్నశాఖలలో విహితమైన అగ్నిహోత్రాది కర్మము శాఖాభేదమువలన భిన్నమగునా, ఏకమేనా యని అచట విచారణ. నామరూపాదుల భేదము కానవచ్చినను కర్మము ఒక్కటియే యని సిద్ధాంతము. లినక్స్ పంపిణీల విషయమునను ఇట్లే చెప్పవచ్చును. ఒకే వ్రాతసాధనము, ఒకే చిత్రసాధనము ఒక పంపిణీలో ఒక పేరి పొట్లముగాను, మరియొకదానిలో మరియొక పేరి పొట్లముగాను దొరకును. స్థాపించు ఆజ్ఞలు మారును, అమరికలుండు తావులు మారును. సాధనము మాత్రము అదియే.

దృష్టాంతమునకు హద్దు కూడ కలదు. అధ్యేతలు లేని శాఖ తాళపత్రములందు శతాబ్దములు నిద్రించియుండవచ్చును. అథర్వవేదపు పైప్పలాదశాఖ ప్రతులు 1950ల చివరిభాగమున ఒరిస్సాలో దుర్గామోహన భట్టాచార్యగారి కృషివలన వెలుగులోనికి వచ్చినప్పుడు పాఠము చదువదగియే యుండెను. కంప్యూటరు పంపిణీ అట్లు కాదు. వలలో చేరియున్న యంత్రముపై సవరణ లేని పంపిణీ దినదినమునకు అపాయకరమగును. పాఠము మారకపోయినను పరిసరము మారుచుండుటయే దీనికి కారణము.

సెంటాస్ చరిత్ర

అమెరికాలోని రెడ్ హ్యాట్ సంస్థ 1990లలో ‘రెడ్ హ్యాట్ లినక్స్’ అను పంపిణీని సర్వజనులకు అందించెను. 2003లో వెలువడిన తొమ్మిదవ కూర్పుతో దానిని నిలిపివేసి, చందా చెల్లించు సంస్థలకు ‘ఎంటర్‌ప్రైజ్ లినక్స్’ అనుదానిని, నూతన ప్రయోగములు కోరువారికి ‘ఫెడోరా’ అనుదానిని ఏర్పరచెను. మొదటిది దీర్ఘకాలము స్థిరముగా నుండును, కాని ధనము చెల్లింపవలెను. రెండవది ఉచితము, కాని శీఘ్రముగా మారుచుండును. స్థిరత్వము కావలసియు చందా కట్టజాలనివారు ఎందరో మిగిలిపోయిరి.

వారికొరకు 2004లో స్వచ్ఛందసేవకులు ‘సెంటాస్’ను రూపొందించిరి. లినక్స్ కెర్నెల్, గ్నూ ఉపకరణములు ‘జీపీఎల్’ అను అనుజ్ఞాపత్రమునకు లోబడినవి. ఆ పత్రము ప్రకారము కార్యక్రమమును పొందినవానికి దాని మూలపాఠమును పొందు హక్కును, మార్చు హక్కును, తిరిగి పంచు హక్కును కలవు. రెడ్ హ్యాట్ ప్రకటించిన మూలపాఠమును గ్రహించి, ఆ సంస్థ నామచిహ్నములను తొలగించి, మరల నిర్మించి ఉచితముగా పంచుటయే సెంటాస్ వారి పని. పదియేండ్ల ఆయుర్దాయము, చందా లేకపోవుట అను రెండు గుణములవలన విశ్వవిద్యాలయములు, పరిశోధనశాలలు, వెబ్ సేవకులు, చలనచిత్ర సంస్థలు దీనిని విరివిగా స్వీకరించినవి.

2009లోనే ఒక హెచ్చరిక కనిపించెను. సెంటాస్ పేరును, ధనమును తన చేతనుంచుకొన్న నిర్వాహకుడొకడు కనబడకపోగా, తక్కిన సభ్యులు బహిరంగలేఖ వ్రాయవలసివచ్చెను. ఆ వివాదము శీఘ్రముగనే సమసినది. 2014 జనవరిలో రెడ్ హ్యాట్ సంస్థయే సెంటాస్‌ను తన పక్షమున చేర్చుకొనెను. 2019 జూలైలో ఐబీఎం సంస్థ రెడ్ హ్యాట్‌ను 3400 కోట్ల డాలర్లకు కొనెను. అదే సంవత్సరము సెప్టెంబరులో సెంటాస్ ఎనిమిదవ కూర్పు వెలువడెను. అది 2029 వరకు నిలుచునని అందరును తలచిరి.

2020 డిసెంబరు 8న పిడుగువంటి ప్రకటన వచ్చినది. సెంటాస్ ఎనిమిదవ కూర్పు 2021 డిసెంబరు 31తో ముగియుననియు, ఇకమీదట ‘సెంటాస్ స్ట్రీమ్’ మాత్రమే యుండుననియు దాని సారాంశము. స్ట్రీమ్ అనునది రాబోవు ఎంటర్‌ప్రైజ్ కూర్పునకు ముందునడచునది గాని, వచ్చినదానికి అచ్చుప్రతి కాదు. చిత్రమేమనగా, 2014లో వెలువడిన ఏడవ కూర్పు మొదట చెప్పిన గడువుమేరకు 2024 జూన్ 30 వరకు జీవించినది. దానికి తరువాత పుట్టిన ఎనిమిదవ కూర్పు రెండున్నర యేండ్లు ముందుగనే గతించినది. ‘క్రొత్తదియే మన్నును’ అని దానిని స్థాపించుకొన్నవారు అందరికంటె ముందుగా నష్టపోయిరి.

ఫిల్మ్ నగర్ వంటి చోట దీని ప్రభావము

చలనచిత్ర సంస్థలకు పంపిణీ మారుట గృహస్థుడు తన కంప్యూటరును మార్చుకొనుటవలె తేలిక కాదు. దీనికి మూడు కారణములు కలవు.

మొదటిది పరస్పరాశ్రయము. త్రిమితీయ రూపముల కల్పన, చిత్రముల పొందిక, తుది వర్ణసంస్కారము అనగా పరిశ్రమవారు ‘డీఐ’ అని పిలుచు పని – వీనికి వాడు ఖరీదైన కార్యక్రమములు తాము ఏ పంపిణీపై పరీక్షింపబడినవో నిర్దేశించి చెప్పును. ఆటోడెస్క్ వారి ఫ్లేమ్, మాయా, బ్లాక్‌మ్యాజిక్ వారి డావిన్చి రిజాల్వ్ లినక్స్ కూర్పులు చిరకాలము సెంటాస్‌ను నిర్దేశించినవి. మరియు, వేర్వేరు సంస్థల కార్యక్రమములు ఒకే యంత్రముపై పొసగుటకై 2014 నుండి ‘వీఎఫ్ఎక్స్ రిఫరెన్స్ ప్లాట్‌ఫామ్’ అను ఏటేటి ఒడంబడిక యొకటి కలదు. దానియందు ‘జీలిబ్‌సీ’ అను మూల గ్రంథాలయభాగము 2022 వరకు 2.17 కూర్పుగా, అనగా సెంటాస్ ఏడవ కూర్పులోనిదానితో సమముగా నుండి, 2023లో 2.28కు, అనగా ఎనిమిదవ తరమునకు మారినది. ఒక్క మెట్టు కదలినచో మెట్లన్నియు కదలవలె నన్నమాట.

రెండవది కాలబంధము. చిత్రము విడుదలతేదీ ముందుగా ప్రకటింపబడును. చిత్రము నడుమ నుండగా యంత్రవ్యవస్థను మార్చిన యెడల, నిన్న కట్టిన దృశ్యమునకును నేడు కట్టిన దృశ్యమునకును సూక్ష్మభేదము రావచ్చును. అందుచే ‘చిత్రము ముగియు వరకు ఏదియు ముట్టరాదు’ అనుట ఈ వృత్తివారి ఆచారము. అట్లని ఒక చిత్రము ముగియునప్పటికి మరియొకటి మొదలగుచుండును. మార్పునకు అనువైన దినము తనంతట తాను రాదు.

మూడవది రహస్యరక్షణ. విడుదలకు ముందు చిత్రము బయటపడినచో కలుగు నష్టము తెలుగు పరిశ్రమకు అనుభవమే. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ చిత్రములోని పెద్దభాగము విడుదలకు కొలదిదినముల ముందు వెలికివచ్చి సంచలనము కలిగించెను. దానికి కారణము కంప్యూటరు పంపిణీ కాదు. అయినను, విడుదల కాని చిత్రము ఎంత విలువైన రహస్యమో ఆ సంఘటన చాటినది. విదేశీ నిర్మాతలు తమ పనిని అప్పగించుటకు ముందు సంస్థల భద్రతను తనిఖీ చేయించుచున్నారు. 2018లో ఏర్పడిన ‘ట్రస్టెడ్ పార్ట్‌నర్ నెట్‌వర్క్’ అట్టిదే. యంత్రములకు సవరణలు వేళకు అందుచున్నవా యనునది అట్టి తనిఖీలలో తప్పని ప్రశ్న. గడువు తీరిన పంపిణీ గలవాడు దానికి ఔనని చెప్పజాలడు.

ఆగిన తరువాత ఏమి జరుగును?

ఉదాహరణకు ఫిల్మ్ నగర్ సందులో ఇరువది యంత్రములు గల చిన్న గ్రాఫిక్స్ సంస్థను ఊహింతము. వారు సెంటాస్ ఎనిమిదవ కూర్పును వాడుచున్నారనుకొందము. గడువు ముగిసిన మరునాడు అచట ఏమి కానవచ్చును?

మొదటి దినమున ఏదియు కానరాదు. యంత్రములు యథాపూర్వముగా మేల్కొనును. దాచిన చిత్రములు, పాఠములు, లెక్కలు అన్నియు ఉన్నచోటనే యుండును. గడువు తీరెనని తాళము వేయు యంత్రాంగము ఇందు లేదు. చందా లేదు కావున చందా తీరుటయు లేదు. ఈ నిశ్శబ్దమే మోసకరము. ‘ఏమియు కాలేదు గదా’ అని సంస్థవారు ఊరకుందురు.

కొన్ని వారములకు మొదటి చిక్కు తోచును. క్రొత్త పొట్లము నేదైన స్థాపింపబోయిన, దానిని తెచ్చు భాండారము దొరకదు. గడువు తీరిన కూర్పుల పొట్లములను ప్రధాన భాండారమునుండి తొలగించి ‘వాల్ట్’ అను పాతసరుకుల కొట్టునకు చేర్చుదురు. సెంటాస్ ఏడవ కూర్పు ముగిసిన వెనుక 2024లో, సమీప భాండారముల జాబితాను చెప్పు చిరునామాయే పనిచేయుట మానెను. అంతవరకు చక్కగా నడచిన ఆజ్ఞలు ఆనాటినుండి దోషములు చూపసాగెను. పాతకొట్టు చిరునామాను చేతితో వ్రాసికొనినచో పొట్లములు దొరకును. కాని అవి నాటి స్థితిలోనివే. క్రొత్త సవరణలు అందు చేరవు.

తరువాతి చిక్కు తీవ్రమైనది. 2022 జనవరి 25న, అనగా సెంటాస్ ఎనిమిదవ కూర్పు ముగిసిన 25వ దినమున, క్వాలిస్ అను సంస్థ ‘పోన్‌కిట్’ అను దోషమును బయటపెట్టెను. లినక్స్ పంపిణీలన్నిటను సాధారణముగా నుండు ‘పీకెఎగ్జెక్’ అను చిన్న కార్యక్రమమున అది 2009 నుండి దాగియుండెను. దానిని ఉపయోగించి, యంత్రములో సామాన్య ప్రవేశము గలవాడెవడైనను సర్వాధికారి కాగలడు. జీవించియున్న పంపిణీలు వెంటనే సవరణ నిచ్చినవి. గడువు తీరినదానికి సవరణ నిచ్చు బాధ్యత ఎవరికిని లేకపోయెను. తెలిసినవారు ఆ కార్యక్రమముయొక్క విశేషాధికారమును స్వయముగా తొలగించుకొని గట్టెక్కిరి. తెలియనివారి యంత్రములు తెరచిన వాకిళ్ళయి యుండిపోయెను.

అన్ని పర్యాయములు ఇట్లే జరుగునని కాదు. 2024 జూలై 1న, సెంటాస్ ఏడవ కూర్పు ముగిసిన మరునాడే, దూరప్రవేశమునకు వాడు ‘ఓపెన్ ఎస్ఎస్‌హెచ్’లో మరియొక తీవ్రదోషము వెల్లడియయ్యెను. అయితే ఏడవ కూర్పులోని ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ ప్రాతది యగుటచే ఆ దోషము దానికి అంటలేదు. ఇది కేవలము అదృష్టము. అదృష్టమును రక్షణగా భావింపరాదు.

చివరి చిక్కు మెల్లగా వచ్చును. క్రొత్తగా కొన్న చిత్రఫలకమును పాత కెర్నెల్ గుర్తింపదు. క్రొత్త కూర్పు చిత్రసాధనము ‘నాకు పైమెట్టు జీలిబ్‌సీ కావలెను’ అని నిరాకరించును. తోడి సంస్థ పంపిన దస్త్రము తెరచుకొనదు. ఇట్లు ఆ సంస్థ లోకముతో క్రమముగా సంబంధము కోల్పోవును. ఆగిపోయిన పంపిణీ వినియోగదారుని ఒక్కసారిగా వీధిపాలు చేయదు. ఇంటిలోననే ఒంటరిని చేయును.

తరుణోపాయములు

సెంటాస్ విషయమున ఉపాయము త్వరితముగనే లభించినది. సెంటాస్ స్థాపకులలో ఒకడైన గ్రెగరీ కుర్ట్‌జర్, ప్రకటన వెలువడిన కొలది గంటలలోనే నూతన పంపిణీని సంకల్పించెను. గతించిన తోటి స్థాపకుడు రాకీ మెక్‌గా పేర దానికి ‘రాకీ లినక్స్’ అని నామకరణము చేసెను. క్లౌడ్ లినక్స్ సంస్థ ‘ఆల్మా లినక్స్’ను 2021 మార్చి 30న విడుదల చేసెను, రాకీ అదే సంవత్సరము జూన్ 21న వెలువడెను. అనగా సెంటాస్ ఎనిమిది ముగియుటకు ఆరునెలలు ముందే రెండు ఆశ్రయములు సిద్ధమైనవి. నన్నయభట్టు అరణ్యపర్వమున విడిచిన భారతమును తిక్కన, ఎర్రనలు పూర్తిచేసిన రీతిని, మూలము అందరిదియైనప్పుడు కొనసాగింపు అసాధ్యము కాదు. కాగా ‘సెంటాస్’ అను నామము రెడ్ హ్యాట్ సొత్తు. కావున క్రొత్తవారు క్రొత్త పేర్లు పెట్టుకొనవలసివచ్చెను. అనుజ్ఞాపత్రము పాఠమునకు స్వేచ్ఛ నిచ్చును గాని పేరునకు ఈయదు.

ఎనిమిదవ కూర్పునుండి రాకీకి గాని ఆల్మాకు గాని యంత్రమును ఉన్నచోటనే మార్చు ఉపకరణములు వెలువడినవి. ఒకే తరములోని మార్పు కావున దస్త్రములు కదలవు. సామాన్యముగా కొలదికాలములో ముగియును. ఏడవ తరమునుండి ఎనిమిదవ తరమునకు ఎక్కుట మాత్రము కష్టతరము. దానికి ఆల్మావారు ‘ఎలివేట్’ అను సాధనమును రూపొందించినను, క్రొత్తగా స్థాపించి దస్త్రములను తిరిగి చేర్చుటయే శ్రేయస్కరమని అనేకుల అభిప్రాయము. రెడ్ హ్యాట్ సంస్థ 2021లో వ్యక్తులకు 16 యంత్రముల వరకు ఉచితానుమతి నిచ్చెను. మారజాలని పెద్దసంస్థలకు, గడువు తీరిన కూర్పునకు రుసుముపై సవరణలు అందించు వ్యాపారసంస్థలును ఏర్పడినవి. కాలక్రమమున ఫ్లేమ్, డావిన్చి రిజాల్వ్ మొదలగు వానికి రాకీ లినక్స్ నిర్దిష్టాధారమైనది.

అయినను కథ సుఖాంతమని పలుకుట తొందరపాటు. 2023 జూన్‌లో రెడ్ హ్యాట్ తన ఎంటర్‌ప్రైజ్ మూలపాఠమును తన ఖాతాదారులకు మాత్రమే పరిమితము చేసి, ఇతరులకు స్ట్రీమ్ పాఠమును చూపెను. ఆల్మా ‘అక్షరశః ప్రతి’ అను ఆదర్శమును విడిచి ‘పొసగు ప్రతి’ అను లక్ష్యమును స్వీకరించెను. రాకీ వేరు మార్గములను వెదకుకొనెను. అదే సంవత్సరము ఆగస్టులో ఒరాకిల్, సూసే, సీఐక్యూ సంస్థలు కలిసి ‘ఓపెన్ ఈఎల్ఏ’ అను కూటమిని స్థాపించినవి. ఒకని కొమ్మపై కట్టుకొన్న గూడు ఆ కొమ్మ కదలినపుడెల్ల కదలునని దీనివలన తెలియుచున్నది.

శంకాసమాధానములు

ఇచట ఒక శంక. ఉచితమైనదానిని నమ్ముటచే గదా ఈ యిడుములు. ధనమిచ్చి కొనినచో ఇవి యుండవు గదా? దీనికి సమాధానము మన ముద్రణాలయములలోనే కలదు. తెలుగు పుస్తకములు, పత్రికలు దశాబ్దములుగా అడోబ్ వారి పేజ్‌మేకర్‌పై, అను ఫాంట్లతో కూర్పబడినవి. 2001లో వెలువడిన ఏడవ కూర్పే పేజ్‌మేకరునకు చివరిది. అది ధనమిచ్చి కొనినదే, అయినను ఆగినది. మూలపాఠము యజమానియొద్దనే యుండుటచే వేరొకరు దానిని కొనసాగించు అవకాశమే లేకపోయెను. దానిలోని తెలుగు యూనికోడ్ కాకపోవుటచే ఆనాటి దస్త్రములనుండి ఒక పద్యమును వెలికిదీయుటకు నేటికిని మార్పిడి సాధనములను ఆశ్రయించుచున్నాము. కావున భేదము ఉచితము, క్రయము అనువాని నడుమ లేదు. ఆగిన తరువాత పరులు కొనసాగింపగలరా లేదా యనునదే భేదము.

మరియొక శంక. అట్లయిన చిన్న పంపిణీ, పెద్ద పంపిణీ అను వివక్ష అక్కరలేదా? అవసరమే. మాండ్రివాను నడిపిన సంస్థ 2015లో మూతపడినను, దానినుండి 2010లోనే విడివడిన ‘మజేయా’ సమాజబలముచే నిలిచినది. ఇంటెల్ వంటి మహాసంస్థ నడిపిన ‘క్లియర్ లినక్స్’ 2025 జూలైలో గడువైన ఈయక ఆగిపోయినది. వేలమంది స్వచ్ఛందసేవకుల నియమబద్ధమైన సమాజముగా డెబియన్ 1993 నుండి సాగుచున్నది. యజమాని పెద్దతనముకంటె, ఒకరు తప్పుకొనినను పని నిలువని వ్యవస్థ ముఖ్యము.

మన కళాశాలలకు వర్తించునది

తెలుగునకు సంబంధించి ఒక శుభవిషయము చెప్పదగియున్నది. హైదరాబాదునందలి ‘స్వేచ్ఛ’ సంస్థ లినక్స్‌ను తెలుగులో అందించు ప్రయత్నము చేసినది. చెన్నైలోని సీడాక్ రూపొందించిన ‘బాస్’ పంపిణీయందును తెలుగు కలదు. ఇట్టి పంపిణీ ఏదైన ఎన్నడో నిలిచిపోయినను, అందుకొరకు చేసిన తెలుగు అనువాదములు మూలప్రణాళికలకు చేర్చబడియున్నచో అవి ఇతర పంపిణీలన్నిటిలోను నిలుచును. చేర్చబడనివి మాత్రము పంపిణీతో సహగమనము చేయును. కావున శ్రమను శాఖకు గాక మూలమునకు అర్పించుట మేలు.

గ్రంథాలయమున లినక్స్ యంత్రమున్న అధ్యాపకులు ఈ క్రింది విషయములను గమనింపవలెను. ఆ యంత్రముపై నున్న పంపిణీ పేరు, కూర్పు సంఖ్య, గడువుతేదీ ఒక కాగితమున వ్రాసి యంత్రముపైననే అంటింపవలెను. రాకీ, ఆల్మా ఎనిమిదవ కూర్పులకు 2029, తొమ్మిదవ కూర్పులకు 2032 గడువు. పాఠములను యూనికోడ్ లోను, తాళపత్ర ఛాయలను టిఫ్ వంటి సర్వసాధారణ రూపమునను భద్రపరుపవలెను. ఏ ఒక్క కార్యక్రమమునకే తెలిసిన రూపమున ఏకైక ప్రతిని ఉంచరాదు. ప్రతులు రెండు చోట్ల నుండవలెను. అందొకటి యంత్రమునకు వెలుపల నుండవలెను. గడువునకు ఒక సంవత్సరము ముందే ఒక యంత్రముపై క్రొత్త పంపిణీని పరీక్షింపవలెను. మార్పు నాటివరకు తప్పనిసరియై పాత యంత్రమునే నడుపవలసినచో, దానిని అంతర్జాలమునుండి విడదీయవలెను. ఫిల్మ్ నగర్ సంస్థకైనను, వ్రాతప్రతుల భాండారమునకైనను ఈ నియమములు సమానమే. మనకు విడుదలతేదీ తొందర లేదనుట నిజమే; కాని ఆ తొందర లేనందుననే మనము మరచిపోవుట మరింత సులభము.

ఉపసంహారము

పై విచారణవలన తేలిన అంశములు ఇవి. పంపిణీ ఆగినంతమాత్రమున లినక్స్ ఆగదు, దాచుకొన్నది పోదు. పోవునది సవరణ, తోడు, కాలముతోడి పొందిక. మూలపాఠము స్వేచ్ఛగా నున్నచోట వేరొక ఆశ్రయము పుట్టును. అది పుట్టుటకు ఎవరో శ్రమింపవలెను, అందు చేరుటకు మనము శ్రమింపవలెను. స్వశాఖాత్యాగము దోషమని ధర్మశాస్త్రకారులు చెప్పిరి. ఇచట గతించిన శాఖను పట్టుకొని వ్రేలాడుటయే దోషము. మన పూర్వులు తాటియాకు శిథిలమగుటకు ముందే క్రొత్త ఆకుపై ప్రతి వ్రాసికొనిరి గాని, శిథిలమైన వెనుక విచారింపలేదు. వారు వ్రాసికొన్న ప్రతులే నేడు మన గ్రంథాలయములు. యంత్రములు మారినను ఆ పూర్వాచారము మారవలసిన పనిలేదు.